బదిలీ కూలీలు

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకి ఎదురు
మందులకొట్టులో పదకొండేళ్ళుగా ఇదే కుర్చీ నాది.
డాక్టరు రాత చదవడం కాలేజీ నేర్పింది.
మిగతాదంతా ఈ బల్లకి అటుపక్క నిలబడ్డవాళ్ళే.

పొద్దుటి షిఫ్టు దిగి, తలనిండా నార నూగుతో
దాలమ్మ వచ్చింది.
మనవడికి టైఫాయిడ్ తగ్గిందిట. మాత్రల కోర్సు అయ్యేసరికి
కడుపు కుళాయి అయిపోయిందిట.
"జొరం ఎల్లిపోనాది బావూ,
దాని ఎనకాల గుంటడు కూడా ఎల్లిపోతాడేటో."

చీటీ చివర్న ఒక పొడి పొట్లం.
ఫ్రిజ్‌లోంచి తీసిచ్చాను.
చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.
"ఏటున్నాది ఇందల?"
"మేలుచేసే సూక్ష్మజీవులు. బతికే ఉన్నాయి, నిద్దర్లో."
"బతికున్నాయా!
మరి ఆటికి ఆకలెయ్యదా?"

నాలుగేళ్ళ ఫార్మసీ చదువులో
నన్నెవరూ అడగలేదు ఈ మాట.

ఆవిడ భాషలోనే చెప్పడానికి చూశాను.
ఆ మాత్రలు మిల్లుకి లాకౌట్ లాంటివి.
దొంగని పట్టడానికి గేటు మూస్తే
పనోళ్ళూ బయటే ఉండిపోయారు.
ఈ పొట్లంలో వాళ్ళు బదిలీ కూలీలు,
పర్మనెంటు కారు,
పాతవాళ్ళు తిరిగొచ్చేదాకా నాలుగు రోజులు
మగ్గం ఆగకుండా చూస్తారేమో.
పేగు గోడ అవతలే వాచ్‌మెన్లుంటారు,
ఎవరు మనోళ్ళు, ఎవరు కారు, వాళ్ళకి
మొహాలు గుర్తుచేసేది ఈ జీవులే అంటారు.
అంటారనే అన్నాను. ప్రమాణం చెయ్యలేదు.

"తిండి మరి?"
"పీచు."
"పీచేటి, జనపనారా?"
నవ్వింది. నూగు రాలింది బల్ల మీద.
చోళ్ళు, అరటిపువ్వు, గోరుచిక్కుడు అని
బిల్లు వెనకాల రాసిచ్చాను, చదవలేదని తెలిసీ.

వెళ్తూ వెళ్తూ ఆగి కేరియర్ మూత తీసింది.
తరవాణి.
ఆ పుల్లటి వాసన!
హాస్టల్లో నా పెట్టె తెరిస్తే పక్కమంచం వాళ్ళు
ముక్కు మూసుకున్నది ఈ వాసనకే.
"మా యమ్మ కాడ్నుంచి తెచ్చుకున్న కుండ.
కడుగు పోస్తాను, గంజి పోస్తాను,
అడుగంటా ఎప్పుడూ తియ్యను.
నీ పొట్లంలో సరుకేనా ఇది?"
చెప్పలేనన్నాను.
ఆ కుండలో ఎవరెవరున్నారో
ఎవరూ హాజరు తీసుకోలేదు.

నాలుగో రోజు గేటు దగ్గర్నుంచే కేక:
"గట్టిపడ్డాది బావూ!"
రోడ్డంతా విన్నది.
పొట్లమో, చోడంబలో, ఊరికే గడిచిన రోజులో,
ముగ్గురిలో కూలి ఎవరికివ్వాలో
నాకిప్పటికీ తెలీదు.

తర్వాతి నెల కేరియర్ రెండు చేతులా పట్టుకుని వచ్చింది.
సెల్లికి విశాఖలో కేన్సర్ మందులెక్కిస్తన్నారు,
నోరు సహించట్లేదు, ఇదొక్కటే అడుగుతోంది.
"గుంటడికి మంచిదైతే దానికీ మంచిదే గదా?"

వద్దన్నాను.
ఆ మందులప్పుడు వాచ్‌మెన్లంతా పడిపోయి ఉంటారు,
మంచోళ్ళని కూడా లోపలికి రానివ్వకూడదు,
అక్కడి డాక్టర్ని అడక్కుండా
చుక్క కూడా పొయ్యకమ్మా.

చాలాసేపు ఏమీ అనలేదు.
మూత బిగించింది. మళ్ళీ తీసి చూసింది. మళ్ళీ బిగించింది.
"అయితే మంచిది కూడా
ఒక్కోపాలి గుమ్మం బయటే నిలబడాలన్నమాట."

రెండు గంటల సైరన్ మోగింది.
"అదొచ్చేదాకా కుండ ఎండనివ్వను,"
నాతో కాదు, కేరియర్‌తో అంది.
నేను గ్లాసు జాపాను. సగం పోసింది.
ఒక బుడగ పైకొచ్చి, అంచు దగ్గర కాసేపాగి,
పగిలింది.